గోప్యంగా ఉంచబడును

కాలేజీ గేటుకి ఎదురుగా, చెప్పులు కుట్టే ఆయనకీ పళ్ళరసం బండికీ మధ్య ఇరుక్కుని ఒక జిరాక్సు కొట్టుంది. దాని యజమానిని పిల్లలు ‘సైకాలజీ బాబాయ్’ అంటారు. ఆయన ఆ కాలేజీలోనే మూడేళ్ళు సైకాలజీ చదివి, పట్టా పుచ్చుకుని, రోడ్డు దాటి వచ్చి ఈ కొట్టు పెట్టుకున్నాడు. “నా చదువు నన్ను ఎంతదూరం తీసుకెళ్ళిందంటే, రోడ్డుకి ఆ పక్కనుంచి ఈ పక్కకండీ” అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. నాలుగోసారి ఆయన మొహం చూశాను. నవ్వాల్సిన మాట కాదది.

నా పాత నోటు పుస్తకాలు చెదలపాలు కాకముందే ప్రతులు తీయించుకుందామని వెళ్ళి, ఆ కొట్లో స్టూలు మీద దాదాపు రెండు నెలలు కూర్చున్నాను. ఊళ్ళు తిరిగినవాడికి స్టూలు దొరికితే లేవబుద్ధి కాదు. మిషను వేడికి కాగితం వాసన, కాలిన ప్లాస్టిక్కు వాసన కలిసి ముక్కులో కూర్చునేవి. ఆ వాసనలోనే ఆయన కథ విన్నాను. ఇప్పటికీ ఆ కథ తలుచుకుంటే ముందు ఆ వాసనే వస్తుంది.

ఆయన నాన్న నీళ్ళ మీటర్ల రీడింగు తీసేవాడు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, బయట పొడుగ్గా కారిడారు, దానికి నడుము ఎత్తు ఇనప కడ్డీలు. తల్లి చిన్నప్పుడే పోయింది. మిగిలింది అక్క, తమ్ముడు, నాన్న. ఆ తమ్ముడే ఈయన. తమ్ముడికి వచ్చిన మార్కులకి మిగిలిన సీటు సైకాలజీలోనే. చేరిన రోజు నుంచీ అపార్టుమెంటంతా ఒకటే ప్రశ్న: “ఏదీ, నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం!” కింద ఇంటి ముసలాయన అయితే రోజూ అడిగేవాడు. “మీ మనసులో ఏమీ లేదు తాతా, ఖాళీ” అన్నాడట ఒకరోజు విసిగిపోయి. ఆ ముసలాయన అప్పట్నుంచీ “కుర్రాడు గట్టివాడే” అని అందరికీ చెప్పాడట.

ఇక ఆ చదువు సంగతి. అందులో ప్రాక్టికల్సు ఉంటాయి. ప్రతి విద్యార్థీ ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రయోగం చేయాలి. ఆ మనిషిని ‘సబ్జెక్టు’ అంటారు. అద్దంలో చూస్తూ నక్షత్రం గీత మీద పెన్సిలు నడపడం అందులో ఒకటి. అద్దంలో కుడి ఎడమ అవుతుంది కనక మొదట తప్పులు ఎక్కువ పడతాయి, గీసేకొద్దీ తగ్గుతాయి. తగ్గాలి. తగ్గకపోతే రికార్డులో తగ్గించి రాయాలి. చివర్న ‘సబ్జెక్టు అనుభవం’ అని నాలుగు లైన్ల జాగా. అక్కడ క్లాసులోని అరవైమందీ రాసేది ఒకటే వాక్యం: ‘మొదట కొంత విసుగ్గా అనిపించింది, తరువాత ఆసక్తి కలిగింది.’ భూమ్మీద ఏ మనిషీ నోటితో ఎన్నడూ అనని వాక్యమది. మనిషి మనసుని చదవడానికి పెట్టిన కోర్సులో, మనిషి ఏమన్నాడో వినాల్సిన ఒకే ఒక్క చోట, సీనియర్ల రికార్డు చూసి ఎక్కించేవాళ్ళు. లెక్చరర్లు ఎర్ర టిక్కు పెట్టేవాళ్ళు. పూర్వం తాటాకుల మీద గ్రంథాలకి నకలు రాసినవాళ్ళు చివర్న, ‘నడుం వంగింది, చూపు మందగించింది, తప్పులుంటే మన్నించండి’ అని రాసుకునేవాళ్ళు. వాళ్ళకి తప్పంటే భయముండేది. వీళ్ళకి ఒప్పంటే భయం.

మూడో ఏట కేస్ స్టడీ. ఏదో ఒక మానసిక ఇబ్బంది ఉన్న మనిషితో మాట్లాడి ఇరవై పేజీలు రాయాలి. క్లాసులో అందరూ కల్పించారు. మనవాడికి మాత్రం ఇంట్లోనే ఉంది.

అక్కకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. పక్కింటివాళ్ళ పసిదాన్ని ఎత్తుకుని కారిడార్లో తిప్పేది. ఒకరోజు దాన్ని వాళ్ళమ్మ చేతికి గబగబా ఇచ్చేసి లోపలికొచ్చి తలుపేసుకుంది. తర్వాత కారిడార్లోకి రావడం మానేసింది. వచ్చినా గోడకి ఆనుకుని, చేతులు రెండూ చంకల్లో దాచుకుని నడిచేది. ఎవరడిగినా చెప్పలేదు. తమ్ముడడిగితే, మూడు రోజుల తర్వాత చెప్పింది.

“పిల్ల చేతిలో ఉన్నప్పుడు, దీన్ని కిందికి పారేస్తానేమో అనిపించిందిరా. నాకు పారేయాలని లేదు. దాన్ని చూస్తే నాకు ప్రాణం. కానీ నా చేతులు పారేస్తాయేమో. నేను రాక్షసినేమోరా.”

ఆ ఇబ్బంది వాడి పాఠ్యపుస్తకంలో పద్నాలుగో అధ్యాయంలో ఉంది. చాలామందికి వస్తుందనీ, అలా భయపడేవాళ్ళు ఆ పని చేయరనీ కూడా ఉంది. ఆ ముక్క అక్కకి చెప్పాడు. ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతటితో ఆగుంటే మంచి తమ్ముడని ఇక్కడ రాసి ఊరుకునేవాణ్ణి.

“నా పరీక్షకి రాసుకోనా అక్కా? పేరుండదు. ఎవరూ చూడరు” అన్నాడు.

“ఎవరూ అంటే ఎవరూనా?”

“లెక్చరరు చూసి బీరువాలో పెట్టేస్తాడు. ఫారం మీదే అచ్చేసి ఉంటుంది, చూడు.”

చూపించాడు. పై వరసలో ఉంది: ‘ఈ వివరాలు గోప్యంగా ఉంచబడును.’ ఆమె సరే అంది.

రాసినది పట్టుకెళితే లెక్చరరు పేజీలు తిరగేసి, “కారణం ఏదయ్యా? కారణం లేకుండా కేసెలా అవుతుంది? బాల్యం చూడు. తండ్రి ఎలాంటివాడు?” అన్నాడట.

“మంచివాడే సార్.”

“మంచివాడైతే ఈ పిల్లకి ఇదెందుకొచ్చింది? ఆలోచించి రా.”

ఆలోచించి వెళ్ళాడు. ‘సబ్జెక్టు తండ్రి మిక్కిలి కోపిష్ఠి. చిన్న తప్పులకు సైతం బెల్టుతో కొట్టేవాడు.’ ఇలా రెండు పేజీలు. యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. క్లాసులో అదే మొదటి మార్కు.

ఆ రోజుల్లో ఆ బెల్టు నాన్న ఇంట్లో ఏం చేస్తున్నాడో కూడా రాయాలి కదా. ఆయనకి అక్క ఏమీ చెప్పలేదు. చేతులు దాచుకోవడం మాత్రం ఆయనే చూశాడు. సాయంత్రం పనినుంచి రాగానే ఒక ఖాళీ గిన్నె ఆమె చేతిలో పెట్టి, “పద, అటు చివరిదాకా వెళ్ళొద్దాం” అనేవాడు. కడ్డీల వైపు తను నడిచేవాడు. “పడేస్తే పడేయ్. గిన్నేగా, సొట్ట పోతుంది.” వారం తర్వాత గాజు గ్లాసు. ఆ తర్వాత పక్కింటివాళ్ళ పిల్లి. అది గీరితే, “పారేయాల్సింది నువ్వు కాదు, అదే నిన్ను పారేసేట్టుంది” అని నవ్వించాడట. రెండు నెలలు పోయాక పసిదాన్ని అడిగి తెచ్చి చేతిలో పెట్టాడు, తను కడ్డీలకి వీపు ఆనించి నిలబడి. ఎనిమిదో తరగతి చదివిన మీటర్ల మనిషి. ఆ వైద్యం ఆయనకి ఎవరు చెప్పారో తెలీదు. కొడుకు మాత్రం గదిలో కూర్చుని, కిటికీలోంచి వాళ్ళిద్దరూ నడుస్తుంటే చూస్తూ, బెల్టు గురించి ఫెయిర్ చేస్తున్నాడు.

నలభై ఎనిమిది మార్కుల రికార్డు బీరువాలో ఎందుకుంటుంది? జూనియర్లు అడిగారు. మనవాడు గర్వంగా ఇచ్చాడు. ఆ కాలేజీలో ఇదొక వంశపారంపర్యం. పెద్దలు రికార్డు ఇస్తారు, చిన్నవాళ్ళు ఎక్కిస్తారు. ఇచ్చి మర్చిపోయాడు. నాన్న పోయాడు. అక్కకి పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లని మొదటి నాలుగు నెలలూ కూర్చుని తప్ప ఎత్తుకోలేదామె. ఎందుకో భర్తకి కూడా తెలీదు.

కొట్టు పెట్టిన రెండో ఏడు ఒక పిల్ల రికార్డు తెచ్చి, “బాబాయ్, ఈ ఇరవై పేజీలు పన్నెండు కాపీలు” అంది. మిషను మూత ఎత్తి మొదటి పేజీ పెడుతుంటే కనబడింది. ‘నా చేతులు పారేస్తాయేమో. నేను రాక్షసినేమో.’ అక్షరం పొల్లు పోలేదు.

“అప్పుడేం చేశారు?” అన్నాను.

“పన్నెండు కాపీలు తీశానండి” అన్నాడు.

ఆ రోజు బసకి వెళ్ళాలనిపించలేదు నాకు, ఆయనతో మాట్లాడాలనీ అనిపించలేదు. అయినా మర్నాడు మళ్ళీ స్టూలు మీదే కూర్చున్నాను. అసహ్యానికి కూడా ఒక ఆకర్షణ ఉంటుంది కాబోలు.

ఏటేటా తీస్తూనే ఉన్నాడు. ఆయన చేతుల మీదుగానే అది మారుతూ వచ్చింది. బెల్టు బెత్తమైంది, బెత్తం కరెంటు వైరైంది. తండ్రి ఒక ఏడు మారుతండ్రి. ఒక ప్రతిలో సబ్జెక్టు మగవాడు, రెండో పేరాలో మళ్ళీ ‘ఆమె’. మూడో అంతస్తు ఏడో అంతస్తు దాకా ఎదిగింది. చివర్న మాత్రం అన్నిట్లోనూ ఒకటే: ‘సబ్జెక్టుకు విశ్రాంతి, వ్యాయామం సూచించడమైనది.’ ఆమె ఏమైందని ఇరవై ఏళ్ళలో ఒక్కడూ అడగలేదు. ప్రతి కాపీ మీదా పై వరసలో ఆ గోప్యం ముక్క మాత్రం చెక్కు చెదరకుండా దిగేది.

ఇంతలో అక్క కూతురు అదే కాలేజీలో, అదే సబ్జెక్టులో చేరి మూడో ఏటికొచ్చింది. “సీట్లు మిగిలాయట” అన్నాడాయన. ఒక సోమవారం నేనుండగానే వచ్చింది. సన్నగా, పొడుగ్గా, భుజాన సంచి.

“మామయ్యా, కేస్ స్టడీ కాపీ నీ దగ్గరుంటుందటగా? ఊరందరికీ ఇస్తావు, మేనకోడలికి ఇవ్వవా?”

“లేదు. అయిపోయాయి.”

“జిరాక్సు కొట్లో కాపీ అయిపోవడమేంటి? నువ్వు మరీను!”

“లేదన్నానుగా.”

“పోనీలే, మా ఫ్రెండు దగ్గరుంది. శుక్రవారం ఇస్తానంది. ఏదో చెయ్యి కేసట. భలే ఉందట.”

పిల్ల వెళ్ళాక ఆయన మిషను ఆపేశాడు. ఆ పిల్ల అది చదివితే, చిన్నప్పట్నుంచీ అమ్మ మెట్ల మీద తన చేయి ఎందుకు పట్టుకునేది కాదో ఒక్క పేజీలో తెలిసిపోతుంది. అదీ క్లాసంతా ఇకిలిస్తుండగా. శుక్రవారం లోపల అక్కకి చెప్పాలి. మంగళవారం వెళ్ళలేదు. బుధవారం చొక్కా మార్చుకుని, మళ్ళీ కూర్చున్నాడు. “అయ్యా, గురువారం కూడా మీరు ఇలాగే గోళ్ళు కొరుక్కుంటే నేనే వెళ్ళి చెప్పొస్తాను” అన్నాను. అది బెదిరింపే. గురువారం మధ్యాహ్నం వెళ్ళాడు.

అక్క కళ్ళద్దాల షాపులో ఫ్రేములు బిగిస్తుంది. భోజనం వేళ, షాపులో ఎవరూ లేరు. కాపీ ఆమె ముందు పెట్టి, విషయం చెప్పి, తలదించుకున్నాడు. ఆమె సన్న స్క్రూడ్రైవరు చేతిలోంచి దించకుండానే చదివింది. తన రహస్యం ఉన్న పేజీలు త్వరగానే తిప్పింది. ఒకచోట ఆగింది.

“ఈ కొట్టినాయన ఎవరు?”

బల్ల మీది ఫ్రేము ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు.

“ఒరేయ్, నిన్నే.”

“నాన్న.”

“నాన్న జన్మలో బెల్టు పెట్టుకున్నాడురా? ప్యాంటు జారిపోతుంటే తాడు కట్టుకునేవాడు.”

“కారణం కావాలన్నారక్కా.”

“ఎంతమంది చదివారు?”

“ఏడాదికి అరవైమంది. ఇరవై ఏళ్ళు.”

ఆమె లెక్క వేయలేదు. “నీకెన్ని మార్కులు?”

“నలభై ఎనిమిది.”

“ఆ రెండూ ఎందుకు పోయాయి?”

“గ్రాఫు వేయలేదని.”

ఆమె కాగితాలు మడిచి తన సంచిలో పెట్టుకుంది. “పిల్లకి నేను చెప్పుకుంటాను. నువ్వు రావద్దు. ఈ నెల్లో మా ఇంటికే రావద్దు” అంది. తర్వాత అద్దాలు తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకుంది. అదే ఆయన మరీ మరీ చెప్పాడు నాకు, గుడ్డతో చేతులు తుడుచుకుందండీ అని.

తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో ఆయనకి తెలీదు, నాకూ తెలీదు. తెలిసినంత వరకూ, ఆ పిల్ల ఫ్రెండు దగ్గర కాపీ తీసుకోలేదు. అమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు ఆదివారాలు రాసుకుంది. గిన్నె, గ్లాసు, పిల్లి, తాతయ్య, అన్నీ వచ్చాయట. పట్టుకెళితే మేడమ్ తాతయ్య ఉన్న పేజీల మీద అడ్డంగా ఎర్రగీత పెట్టి, పక్కన రాసింది: ‘నమ్మదగినట్టు లేదు. కారణం చూపలేదు. మోడల్ కేసు చూసి తిరిగి రాయుము.’ ఆ మేడమ్ కూడా ఆ కాలేజీలోనే చదివిందట. ఏ ఏటి ప్రతి ఎక్కించిందో! మార్చకపోతే పాసు మార్కులకి మించి రావని చెప్పింది. “పాసు చాలు మేడమ్” అందట పిల్ల.

నేను ఊరు వదిలే ముందురోజు ఆ పిల్ల కొట్టుకొచ్చింది. రికార్డు గుండెకి హత్తుకుని ఉంది.

“బైండింగు చెయ్యాలి మామయ్యా.”

“ఇలా పెట్టి వెళ్ళవే, సాయంత్రానికి చేసి ఉంచుతాను.”

“వద్దు. ఇక్కడే నిలబడతాను.”

“గంట పడుతుందే.”

“పట్టనీ.”

ఆయన చేయి చాపాడు. పిల్ల వెంటనే ఇవ్వలేదు. అట్ట పైకొచ్చేట్టు తిప్పి, బల్ల మీద పెట్టి, మీద అరచేయి ఆనించి, “చదవకు” అంది.

ఆయన తలూపాడు. అంచులు కొట్టి సరిచేసి, రంధ్రాలు వేసి, సూదీ దారంతో కుట్టాడు. పేజీ గాలికి లేస్తే తల పక్కకి తిప్పుకున్నాడు. పిల్ల కన్ను ఆర్పకుండా ఆయన కళ్ళనే చూస్తూ నిలబడింది, జిగురు ఆరేదాకా.