సుందరయ్య ముందు దెబ్బ

వేమూరు దగ్గరి ఆ పేటలో డప్పు మేళానికి సుందరయ్య పెద్ద. పెద్ద అంటే పెత్తనం చేసే మనిషి అనుకుంటే పొరపాటే. సొంత ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో కూడా ఆయనకు తెలియదు. భార్య అచ్చమ్మ కూర్చోమంటే కూర్చునే రకం, లేవమంటే లేచే రకం. కానీ మేళం కదిలిందంటే మొదటి దెబ్బ ఆయన డప్పు మీదే పడాలి. దాన్ని ముందు దెబ్బ అంటారు. అది పడ్డాకే మిగతా డప్పులు అందుకోవాలి. తెనాలిలో పెళ్ళి ఊరేగింపయినా, రేపల్లె వైపు జాతరయినా, ఊళ్ళో ఎవరినైనా కడసారి సాగనంపడమైనా అదే పద్ధతి.

మేళం అంటే పెద్ద దండేమీ కాదు, ఐదుగురు. సుందరయ్య, ఆయన ఈడువాడే బసవలింగం, నడివయసులో ఉన్న జీవన్ కుమార్, అతనికన్నా చిన్నది స్టెల్లా, అందరిలోకీ కుర్రవాడు అజయ్ బాబు. జీవన్ తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు. సెలవు దొరికితే డప్పు తగిలించుకుంటాడు. డప్పుల సారని పిల్లలు నవ్వితే వాళ్ళతో పాటు తనూ నవ్వుతాడు. అజయ్ బాపట్లలో డిగ్రీ చదువుతున్నాడని వాళ్ళ నాన్న చెప్పుకుంటాడు. ఎంతవరకు చదువుతున్నాడో కాలేజీ వాళ్ళే చెప్పాలి.

స్టెల్లా భర్త ఈ మేళంలోనే వాయించేవాడు. అతను పోయాక ఆమె, ఆ డప్పు నేను పట్టుకుంటానంది. ఆడమనిషి డప్పేంటని పేటలో కొందరు మూతి తిప్పారు. సుందరయ్య వాళ్ళతో వాదించలేదు. వాదించడం ఆయనకు చేతకాదు. ఆదివారం గుడి వదిలాక అందరూ చూస్తుండగా డప్పు తెచ్చి ఆమె భుజానికి తనే తగిలించాడు. పిల్లల్లేని సుందరయ్య ఇంట్లో ఆ రోజు నుంచి స్టెల్లా కూతురయింది. అజయ్ అయితే చాలాకాలం ముందే ఆ ఇంటి మనవడు. వాడు తిని వెళ్ళాక గిన్నెలో ఏమీ మిగలదని అచ్చమ్మ తిడుతూనే, వాడు వచ్చే రోజు మరో గ్లాసు బియ్యం ఎక్కువ పోసేది.

ఇక బసవలింగం. సుందరయ్యకు అతను బావ. చుట్టరికం ఎక్కడిదని తవ్వితే ఏమీ దొరకదు. ఒకడు లూథరన్ గుడికి పోయేవాడు, ఒకడు శివరాత్రికి ఉపవాసం ఉండేవాడు. చిన్నప్పుడు ఒకే చేలో కుప్పలు వేశారు, ఒకే గురువు దగ్గర దరువులు నేర్చుకున్నారు, అంతే. బసవలింగం పెళ్ళాం కోటిరత్నం మొదటి రోజు నుంచీ సుందరయ్యను అన్నయ్య అనే పిలిచింది.

డప్పు వాయించే ముందు కాచాలి. వరిగడ్డి మంట వేసి, చర్మాన్ని సెగకు తిప్పుతూ పట్టుకుంటే అది బిగిసి ఖంగుమంటుంది. తక్కువ కాగితే తడిగుడ్డ మీద కొట్టినట్టుంటుంది, ఎక్కువ కాగితే చీలిపోతుంది. ఈ మేళంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి డప్పు వాళ్ళు కాచుకుని సుందరయ్య దగ్గరికి తేవాలి. ఆయన చెవి పక్కన పెట్టుకుని వేలితో మీటి "కాగింది" అనాలి. ఆ మాట అనకుండా ఎవరూ డప్పు భుజానికెత్తరు.

అలాంటి మనిషికి చెవులు పోయాయి.

ఒక్కసారిగా పోలేదు. మొదట వానాకాలంలో కప్పల అరుపు వినపడటం మానేసింది. ఆ ఏడు కప్పలు లేవేమో అనుకున్నాడు. తర్వాత అచ్చమ్మ మాట మెల్లగా వినపడటం మొదలైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకు దీనికి నెమ్మది వచ్చిందని సంతోషించాడు కూడా. ఆమె ఒకరోజు చెవి దగ్గర నోరు పెట్టి అరిచాకగాని అసలు సంగతి తెలియలేదు. ఎవరికీ చెప్పకుండా ఇద్దరూ తెనాలి వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నారు.

"నరం దెబ్బతిందండి. ఇన్నేళ్ళు చెవి పక్కన అంత మోత పెట్టుకుంటే ఏం మిగుల్తుందండీ," అన్నాడు డాక్టరు. ఆయన ఇచ్చిన చెవి మిషన్ పెట్టుకుని డప్పు కొడితే తలలో రంపంతో కోసినట్టయింది. సుందరయ్య దాన్ని తీసి అటక మీద పడేశాడు. రెండేళ్ళు తిరిగేసరికి పూర్తిగా ఏమీ వినపడకుండా పోయింది.

ఈ సంగతి బయటపెట్టనని అచ్చమ్మ చేత గుడిలో ఒట్టు వేయించాడు. వినపడనివాడు మేళానికి పెద్దేంటని ఎవరైనా అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. మేళం పోతే తనకు ఇంకేముంది? స్టెల్లా రాదు, అజయ్ రాడు, ఇంట్లో గ్లాసు బియ్యం తక్కువ పడతాయి. రాత్రి పడుకుంటే ఆయనకు ఇదే దిగులు.

బసవలింగానికి మాత్రం ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టాడు. ఒకరోజు రేపల్లెలో జాతరకు వాయిస్తుండగా దరువు మారింది. సుందరయ్య పాత దరువులోనే ఉండిపోయాడు. పక్కనున్న బసవలింగం మోచేతితో చిన్నగా తాకాడు. సుందరయ్య అతని చేతిలోని డప్పు పుల్లల వైపు చూసి దరువు మార్చాడు. ఆ రోజు నుంచి బసవలింగం ఆయన కుడిపక్క వదల్లేదు. దరువు మారితే మోచెయ్యి తాకేవాడు. డప్పులు కాచేటప్పుడు ఎదురుగా కూర్చుని, సరిగ్గా కాగిన డప్పు సుందరయ్య మీటగానే తల కొంచెం వంచేవాడు. సుందరయ్య "కాగింది" అనేవాడు. ఇద్దరూ ఈ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు.

ఒక్క మాట మాత్రం బసవలింగం అన్నాడు. రేపల్లె స్టేషన్లో టీ తాగుతుండగా సుందరయ్యను తన వైపు తిప్పుకుని, పెదవులు కనపడేలా నెమ్మదిగా చెప్పాడు.

"బావా, నేను ముందు పోతే నా డప్పుతోనే నన్ను పంపించాలి. ముందు దెబ్బ నువ్వే వెయ్యాలి. ఇంకెవడికీ ఇవ్వమాక."

"నోరు మూసుకుని టీ తాగు," అన్నాడు సుందరయ్య. ఎంత గట్టిగా అన్నాడో, ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూశారు.

కార్తీకంలో ముసురు పట్టిన రోజుల్లో బసవలింగానికి గుండెల్లో నొప్పి వచ్చింది. కొడుకు గిరిబాబు ఆటోలో తెనాలి తీసుకెళ్ళాడు. తెల్లారేసరికి మనిషిని కాదు, శవాన్ని ఇంటికి తెచ్చారు. సుందరయ్య వెళ్ళి బావ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఇల్లంతా ఏడుస్తోంది. ఆయనకు తెరుచుకున్న నోళ్ళు మాత్రమే కనపడుతున్నాయి.

మధ్యాహ్నానికి పాడె సిద్ధమైంది. కోటిరత్నం లోపలికి వెళ్ళి బసవలింగం డప్పు తెచ్చి సుందరయ్య చేతుల్లో పెట్టింది.

"నీకే ఇమ్మన్నాడన్నయ్యా," అంది.

ఆ డప్పుకు చర్మం బిగించింది వాళ్ళిద్దరూ కలిసే. ముసురుకు అది చెమ్మ పట్టి మెత్తబడి ఉంది. వాకిట్లో గడ్డి మంట వేశారు. జీవన్, స్టెల్లా, అజయ్ తమ డప్పులు కాచుకుని తెచ్చారు. సుందరయ్య ఒక్కొక్కటి మీటి, వాళ్ళ మొహాలు చూసి, "కాగింది" అన్నాడు. తన డప్పు కూడా కాచి పక్కన పెట్టుకున్నాడు. చివరికి బావ డప్పు అందుకుని, జనానికి వీపు పెట్టి మంట ముందు కూర్చున్నాడు.

సెగకు తిప్పాడు. చెవి దగ్గర పెట్టుకుని మీటాడు. ఏమీ లేదు. బొటనవేలితో నొక్కి చూశాడు. తన డప్పు బిగువు ఆ వేలికి అలవాటే, బావ డప్పు బిగువు అందలేదు. అలవాటుగా ఎదురుగా చూశాడు. తల వంచే మనిషి అక్కడ లేడు. ఇంకొంచెం కాగాలేమో అనుకుని మళ్ళీ సెగకు పట్టాడు. మళ్ళీ మీటాడు, మళ్ళీ పట్టాడు. బావకు ఇచ్చిన మాట మెత్తటి డప్పుతో తీర్చకూడదు, అంతే ఆయన మనసులో ఉంది.

వెనక నిలబడ్డ ముగ్గురికీ ఆ డప్పు ఎప్పుడో కాగిందని వినపడుతూనే ఉంది. స్టెల్లా ముందుకు అడుగు వేసింది. జీవన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. ఊరంతా చూస్తోంది, ఇప్పుడు మనం చాలంటే ఆయన ఇంక తలెత్తుకోలేడు అన్నాడు. ఆమె ఆగిపోయింది. ఇదంతా సుందరయ్యకు ఆ సాయంత్రం తెలిసిన సంగతి.

డప్పు చీలింది. ఆ చప్పుడు వాకిట్లో ఉన్నవాళ్ళందరికీ వినపడింది, ఆయనకు తప్ప. ఆయనకు అరచేతుల్లో ఒక అదురు తెలిసింది, అంచు నుంచి నడిమి దాకా నల్లటి గీత విచ్చుకోవడం కనపడింది. వెనక్కి తిరిగి చూస్తే జనమంతా ఆయన వైపే చూస్తున్నారు.

కోటిరత్నం లేచి వచ్చింది. ఆ డప్పు చూసి ఆమె మొహం మారిపోయింది.

"ఏంటన్నయ్యా ఇది! అంతసేపు ఖంగుఖంగుమని మోగుతుంటే నీకు చెవుల్లేవా?"

ఆమె పెదవుల మీద ఆ మాట సుందరయ్య స్పష్టంగా చదివాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. చర్మం పాతదనొచ్చు, ముసురు మీదికి నెట్టేయొచ్చు. బావ శవం పక్కన ఆయనకు అబద్ధం నోట రాలేదు.

"లేవమ్మా," అన్నాడు. "నాకు చెవుల్లేవు. చాలా రోజులైంది. నీ మొగుడు పక్కనుండి తాకితే ఆ ఆసరాతో కొడుతున్నాను. మిమ్మల్నందర్నీ మోసం చేశాను."

మొలలో దోపుకున్న పుల్లలు రెండూ తీసి కింద పెట్టాడు. "జీవనూ, నువ్వెయ్యి ముందు దెబ్బ. నా వల్ల కాదు."

జీవన్ కదల్లేదు. స్టెల్లా వచ్చి ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మొహం ఆయన మొహానికి ఎదురుగా పెట్టి ఒక్కో మాట విడమర్చి చెప్పింది.

"మాకు తెలుసు పెదనాన్నా."

"ఏం తెలుసు?"

"నీకు వినపడదని. బాపట్ల పెళ్ళిలో నీ వెనక కారు హారన్ మోగుతుంటే నువ్వు పక్కకి తప్పుకోలేదు. ఆ రోజే తెలిసింది. అడిగితే మేళం మానేస్తావని అడగలేదు. ఇందాక డప్పు మోగేది కూడా విన్నాం. నీ పరువు పోద్దని నోరు మూసుకున్నాం. చీల్చింది నువ్వు కాదు, మేము."

సుందరయ్య జీవన్ వైపు చూశాడు, అజయ్ వైపు చూశాడు. ఇద్దరూ తల దించుకున్నారు. ఇంతకాలం తను వీళ్ళను ఏమారుస్తున్నాననుకున్నాడు. వీళ్ళే తనను చంటిపిల్లాణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. సిగ్గుతో చచ్చిపోదామా అనిపించింది. ఆ వెనకే, అంత దుఃఖంలోనూ, గుండె మీది బరువు దిగినట్టయింది.

కోటిరత్నం చీలిన డప్పు అందుకుంది. మసిని చీర చెంగుతో తుడిచి, పాడె మీద భర్త పక్కన పెట్టింది. కింద ఉన్న పుల్లలు తీసి సుందరయ్య చేతిలో పెట్టింది.

"ఆయన నీకు చెప్పి పోయాడు, జీవన్‌కి కాదు. లే అన్నయ్యా."

అజయ్ సుందరయ్య డప్పు తెచ్చి ఆయన భుజానికి తగిలించాడు. పాడె లేచింది. సుందరయ్య ముందుకొచ్చి నిలబడి, కళ్ళు మూసుకుని ముందు దెబ్బ వేశాడు. అది డప్పు నుంచి ఆయన పక్కటెముకల్లోకి వెళ్ళింది. అంతే తెలిసింది ఆయనకు.

ఎప్పుడూ సుందరయ్య ముందు నడుస్తాడు, పక్కన బసవలింగం, మిగతావాళ్ళు వాళ్ళ వెనక, ఆ వెనక పాడె. ఆయన కళ్ళు తెరిచి వెనక్కి చూశాడు. అక్కడ పాడె ఉంది గాని తన వాళ్ళు లేరు. తల తిప్పేసరికి ముగ్గురూ ఎదురుగా ఉన్నారు. దారికి వీపు పెట్టి, ఆయన వైపు తిరిగి, పుల్లలు ఆయన కళ్ళకు కనపడేంత ఎత్తులో పట్టుకుని వాయిస్తున్నారు. ఆయన ఒక అడుగు వేశాడు. వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

పేట నుంచి శ్మశానానికి దారి కాలవ గట్టు మీద. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క కోతకొచ్చిన చేలు, ముసురుకు నానిన బంకమట్టి. ముందుకు నడిచేవాళ్ళే జారుతున్నారు. ఆ ముగ్గురూ ఆ దారంతా వెనక్కి నడిచారు. స్టెల్లా చెప్పు బురదలో ఉండిపోయింది. ఆమె దాని వైపు చూడలేదు. జీవన్ ఒకసారి మోకాలి మీద పడి, పడ్డచోటే రెండు దెబ్బలు వేసి లేచాడు. దరువు మారినప్పుడల్లా అజయ్ పుల్ల తలపైకి ఎత్తి చూపించాడు. సుందరయ్య ఒక్క దరువు కూడా తప్పలేదు. కొంత దూరం పోయాక అచ్చమ్మ జనంలోంచి వచ్చి, వెనకనుంచి స్టెల్లా నడుం పట్టుకుని దారి చూపించడం మొదలుపెట్టింది. అది చూసి, ఒకప్పుడు స్టెల్లా మీద మూతి తిప్పినవాళ్ళలో ఇద్దరు వచ్చి జీవన్ భుజాలు, అజయ్ భుజాలు పట్టుకున్నారు.

శ్మశానంలో పాడె దించారు. ముగ్గురూ పుల్లలు పైకెత్తి ఆపారు. వాళ్ళను చూసి సుందరయ్య కూడా ఆపాడు. బసవలింగాన్ని గుంటలోకి దించాక గిరిబాబు, కోటిరత్నం తలో పిడికెడు మట్టి వేశారు. తర్వాత సుందరయ్య వేశాడు. అప్పటిదాకా పట్టి ఉంచిన ఏడుపు అప్పుడు వచ్చింది. కాలవ అవతలి చేలల్లో పనిచేసేవాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకు తెలియదు. ఊరుకోమని ఎవరూ ఆయన భుజం తట్టలేదు.