ప్రెసిడెంటును గుద్దినోడు

వరంగల్‌లో లారీ నౌకరి కోసం నేను తిరిగిన రోజుల్లో నా పేరు ఎవరూ అడిగేవారు కాదు. "ప్రెసిడెంటును గుద్దినోడివి నువ్వేనా?" అని అడిగేవారు. ఇది డెబ్బైల చివరి సంగతి.

గుద్దింది నేను కాదు, ట్రాక్టరు. నెక్కొండ దగ్గరి మా ఊళ్లో ఒక పటేలు ట్రాక్టరు నడిపేవాణ్ని. దానికి బ్రేకులు సరిగా పడవని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదు. "పొలం దున్నెటందుకు బ్రేకులెందుకురా? గేరు దించితే అదే ఆగుతది" అనేవాడు. దాన్ని పొలంలోనే ఉంచినా బాగుండేది. కొత్త కల్వర్టు ప్రారంభానికి పంచాయతీ సమితి ప్రెసిడెంటు వస్తున్నాడని, జనాన్ని తోలుకుపొమ్మని, అదే ట్రాక్టరుకు ట్రాలీ తగిలించి నన్ను పంపాడు. కల్వర్టు దగ్గర రోడ్డు పల్లం. ట్రాలీ నిండా మనుషులు. బ్రేకు మీద నిలబడ్డా బండి ఆగలేదు. ఎదురుగా ఉన్న జనాన్ని తప్పించబోయి పక్కకు తిప్పితే పందిరి గుంజకు తగిలింది. పందిరి కూలింది. దాని కిందున్న ప్రెసిడెంటు మెడలో దండలతో సహా బురదకాలువలో పడ్డాడు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ప్రెసిడెంటుకు తెల్లధోవతి తప్ప మరేమీ పాడుకాలేదు. కానీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. బ్రేకులు ఫెయిలై బురదలో పడ్డ మనిషికి ఓటెవరేస్తారు? శత్రువులు చంపబోతే బతికి బయటపడ్డ మనిషికైతే వేస్తారు. అందుకని ఆయన దవాఖానలో పడుకున్నాడు, నన్ను జైల్లో పడుకోబెట్టారు. ట్రాక్టరు నేను అడగకుండా తీసుకుపోయానని పటేలు పోలీసులకు చెప్పాడు. కేసు విచారణకు వచ్చేసరికి ఎన్నికలు అయిపోయాయి, ప్రెసిడెంటు గెలిచాడు, నాతో అవసరం తీరింది. సాక్ష్యానికి ఒక్కడూ రాలేదు. కోర్టు నన్ను వదిలేసింది.

ఊరు మాత్రం వదల్లేదు. వరంగల్ శివనగర్‌లో మా అక్క ఇంటికి చేరాను. నేను జైల్లో ఉన్నన్నాళ్లూ తమ్ముడు బొంబాయి పోయాడని అక్క వాడకట్టంతా చెప్పి పెట్టింది. పక్కింటి ముసలమ్మలు వచ్చి కూర్చుని సముద్రం ఎట్లుంటదని అడిగేవాళ్లు. నేను చూడని సముద్రం గురించి ఒక్కోసారి ఒక్కో తీరుగా చెప్పేవాణ్ని. వరంగల్‌లో నా మాట ఎవరైనా నమ్మింది ఆ సముద్రం విషయంలోనే.

హెవీ లైసెన్సు నాకు అంతకుముందే ఉంది. దాన్ని జేబులో పెట్టుకుని మొదట ఒక రైస్‌మిల్లు సేటు దగ్గరికి పోయాను. నుదుటిమీద పెద్ద బొట్టు, గది నిండా అగరుబత్తుల పొగ. నా సంగతి అప్పటికే ఎవరో ఆయన చెవిన వేశారు.

"చూడు బిడ్డా, మాది ఇజ్జత్‌గల్ల ఖాందాన్. పోలీసు కేసున్నోని నీడ గూడ మా మిల్లుల పడొద్దు" అన్నాడు.

"కేసు కొట్టేసిండ్రు సేటూ."

"కొట్టేసిండ్రంటే ఉన్నట్టే గద!"

అంతలో గుమాస్తా వచ్చి, దొంగ బియ్యం కేసు వకీలు బయట కూర్చున్నాడని చెప్పాడు. సేటు నా వైపు చూడకుండా లేచిపోయాడు.

తర్వాత స్టేషన్ రోడ్డులో ఒక లారీల ఓనరును కలిశాను. ఆయన మర్యాదస్థుడు, చాయ్ కూడా తాగించాడు. "నాకేం ఫికర్ లేదు తమ్మీ. నువ్వు మంచోడివని మీ ప్రెసిడెంటు తోటి ఒక్క మాట చెప్పియ్యి, చాలు" అన్నాడు.

"నేను గుద్దిన్నంటున్నది ఆయన్నే గద అన్నా?"

"అందుకే చెప్తాన. ఆయనే మంచోడంటే ఇగ ఎవలకు అనుమానముంటది?"

తన తెలివికి తానే మురిసిపోయి ఇంకో చాయ్ చెప్పాడు.

చివరికి గ్రెయిన్ మార్కెట్ దగ్గరి మిర్చి సేటు దగ్గరికి పోయాను. పోయేటప్పుడే తిరిగి రావడానికి సిద్ధపడ్డాను. ఆయనా అదే అడిగాడు. ట్రాక్టరు, బ్రేకులు అని నేను మొదలుపెట్టగానే గద్దె దిగి వచ్చి నా భుజం చరిచాడు.

"షాబాష్! ఇన్నొద్దులు యాడున్నవ్‌రా?"

"జైల్ల ఉన్న సేటూ."

ఆ ఎన్నికల్లో ప్రెసిడెంటు చేతిలో ఓడిపోయింది ఈ సేటు బామ్మర్ది అని నాకు తర్వాత తెలిసింది. లైసెన్సు అడగలేదు, రివర్సు కొట్టడం వచ్చా అని అడగలేదు. లారీ తాళం చేతిలో పెట్టాడు.

అట్లా నాకు మొదటి లారీ నౌకరి దొరికింది. అది డ్రైవరు నౌకరి అనుకున్నాను కానీ, తీరా చూస్తే జాతరలో రెండు తలల దూడ నౌకరి. సేటు నన్ను మార్కెట్ దాటి పంపేవాడు కాదు. బస్తాలు దించుతుంటే దోస్తులను వెంటబెట్టుకొచ్చి "గీ పిలగాడే! చాతీ మీదికెల్లి ఎక్కిచ్చిండు" అని చూపించేవాడు. బ్రేకులు పడలేదని నేను చెప్పబోతే పక్కకు పిలిచి, "బ్రేకుల ముచ్చట బంద్ జెయ్. నౌకరి కావాల్నా, వద్దా?" అనేవాడు. కావాలి. అందుకని నోరు మూసుకుని రౌడీలా నిలబడేవాణ్ని.

రెండేళ్లు గడిచాయి. మళ్లీ ఎన్నికల గాలి వీచింది. ప్రెసిడెంటు పార్టీ మార్చి సేటు బామ్మర్ది పక్కన జీపెక్కాడు. సేటు నన్ను ఇంటికి పిలిచాడు.

"జర ఇను బిడ్డా. ప్రెసిడెంటు సాబ్ రేపు మనింటికి బువ్వకొస్తాండు. నువ్వు కనవడకు."

మర్నాడు ఇంటి వెనక మిర్చి గోదాములో దాక్కున్నాను. అందులో ఎంతసేపని ఊపిరి బిగబడతారు? తుమ్మీ తుమ్మీ, కళ్లు మండి బయటికొచ్చేసరికి ఎదురుగా ప్రెసిడెంటు చేయి కడుక్కుంటున్నాడు. పక్కన చెంబు పట్టుకున్న సేటు ముఖం సున్నం కొట్టినట్టయింది.

ప్రెసిడెంటు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏడుస్తానవేంది తమ్మీ?"

"మిర్చి ఘాటు సార్. నేను సేటు లారీ డ్రైవర్ను."

"మంచిగ పనిజేసుకో. మీ సేటు దేవుడసుంటోడు" అని తడిచేత్తోనే నా వీపు తట్టి వెళ్లిపోయాడు.

నేను చంపబోయానని ఊరూరా మైకులో చెప్పిన మనిషికి నా ముఖం కూడా తెలియదు. జైలు కంటే అది ఎక్కువ మండింది.

ఆ వారమే సేటు మార్కెట్లో కొత్త ముచ్చట మొదలుపెట్టాడు. "పాపం, బ్రేకులు ఫెయిలైనయట. పిలగానిదేం తప్పు లేదు" అని చెప్పాడు. కోర్టు చెబితే నమ్మని బజారు సేటు చెప్పగానే నమ్మేసింది. అయినా ఎందుకైనా మంచిదని, ఎన్నికలు అయ్యేదాకా నన్ను వరంగల్‌లో ఉంచొద్దనుకున్నాడు. మిర్చి లోడు వేసి నాగపూర్ తోలాడు. అక్కణ్నుంచి ఇంకో లోడు, ఇంకో ఊరు. గుంతల రోడ్ల మీద, వానలో, భాష తెలియని చెక్‌పోస్టుల దగ్గర నేను లారీ నడపడం నేర్చుకున్నాను. నన్నెవరూ ఏమీ అడగలేదు. వాళ్లకు కావలసింది కాగితాలు, మామూలు, అంతే.

ఎన్నికలు ముగిశాక తిరిగొచ్చి సేటు ముందు నిలబడ్డాను. ఎట్లున్నవని అడుగుతాడేమోనని చూశాను. ఆయన లారీ చుట్టూ ఒకసారి తిరిగి, టార్పాలిన్ మూల పట్టుకుని లేపి చూశాడు.

"గిది యాడ చినిగింది?" అన్నాడు.