తమ్ముడు వద్దన్న గ్రాఫిక్స్ కార్డు

నాకు కోపం వస్తే నోటికన్నా ముందు గిన్నెలు మాట్లాడతాయని మా ఆయన అంటాడు. ఆ వారం మహబూబాబాద్‌లో మా వంటింటి చప్పుడు వీధి చివరిదాకా వినిపించే ఉంటుంది. అంతా కంప్యూటర్ వల్లే.

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. స్టూడియోల వాళ్లు తీసిందంతా హార్డ్ డిస్కులో వేసి ఇంటికి పంపిస్తారు. నేను కూర్చి, పాటలు పెట్టి తిరిగి పంపిస్తాను. సాయంత్రం మాత్రం అదే కంప్యూటర్ మీద తుపాకీ పట్టుకుని కనబడ్డవాణ్ణల్లా కాలుస్తుంటాను. నలభైకి దగ్గరపడ్డ కోడలు హెడ్‌ఫోన్ పెట్టుకుని కేకలు వేస్తుంటే మా అత్తమ్మ మొదట్లో బెదిరిపోయింది. ఇప్పుడు ఇంటికి ఎవరైనా వస్తే, కోడలు యుద్ధంలో ఉంది, కాసేపు కూర్చోండని నిమ్మళంగా చెబుతుంది.

ఆ యుద్ధంలో నా పక్కన ఉండేది మా తమ్ముడు. భూపాలపల్లిలో బొగ్గు బాయి పని వాడిది. మొదటి షిఫ్టు దిగి, ఇంటికొచ్చి స్నానం చేసి, తన కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. అమ్మ పోయినప్పటి నుంచి వాడికి మాట తగ్గిపోయింది. ఫోన్ చేస్తే ‘ఆఁ’, ‘మంచిగనే ఉన్న’, అంతే. ఎదురుగా కూర్చుంటే అదీ ఉండదు, తల వంచుకుంటాడు. ఆటలో మాత్రం నోరు విప్పుతాడు. గోడ చాటున ఇద్దరం నక్కి ఉన్నప్పుడు షిఫ్టులో ఎవరు ఎవరితో తగువు పడ్డారో చెబుతాడు, కాటారం బస్సు మళ్లీ ఆగిపోయిందంటాడు, ఇంటి ఓనరును తిట్టుకుంటాడు. చేతులకూ కళ్లకూ పని ఉంటేనే వాడికి మాటలొస్తాయి. అది కనిపెట్టాక నేను ఒక్క సాయంత్రం కూడా వదులుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ ఆట నాకు పెద్దగా నచ్చదు. తమ్ముడి గొంతు వినడానికి ఆడుతున్నాను.

అలాంటిది, ఆ ఆటకు కొత్త వెర్షన్ వచ్చింది. వాడి దాంట్లో నడిచింది గానీ నా పాత కంప్యూటర్ దాన్ని తెరవనే లేదు. ఎడిటింగులో కూడా ముక్కీ మూలిగీ నడుస్తోంది కాబట్టి కొత్తది కట్టించుకోక తప్పలేదు. మా దగ్గర ఉన్న డబ్బుతో ఎడిటింగు చకచకా సాగే పెద్ద ప్రాసెసర్ ఒక్కటే కొనుక్కోవచ్చు, లేదంటే చిన్న ప్రాసెసర్‌తో పాటు ఆట నడవడానికి కావాల్సిన గ్రాఫిక్స్ కార్డు తీసుకోవచ్చు. రెండూ పెద్దవి కావాలంటే కుదరదు. ఈ విషయాల్లో మా ఇంటికి పెద్దమనిషి తమ్ముడే కాబట్టి నిర్ణయం వాడికే వదిలేశాను.

పెద్ద ప్రాసెసర్ తీసుకో, కార్డు వద్దు అన్నాడు. ప్రాసెసర్‌లోనే కొద్దిపాటి గ్రాఫిక్స్ ఉంటాయి, నీ పనికి అది చాలన్నాడు. మరి ఆట సంగతేంట్రా అంటే, ఆటదేముంది అని ఫోన్ పెట్టేశాడు. గిన్నెలు మోగింది అప్పుడే. అక్క బతుకుదెరువు కోసం త్యాగం చేస్తున్నాననుకున్నాడు, వెర్రినాగన్న. నాకు మాత్రం భయమేసింది. ఆ సాయంత్రాలు కూడా పోతే వీడు ఇక పూర్తిగా మూగవాడైపోతాడనిపించింది.

మా ఆయన చిన్ననాటి దోస్తు జనగామలో కంప్యూటర్లు కట్టి అమ్ముతాడు. మేమిద్దరం రైలులో, తమ్ముడు హన్మకొండ మీదుగా బస్సులో అక్కడికి చేరుకున్నాం. దోస్తు రెండు ప్రాసెసర్ల డబ్బాలు అద్దాల బల్ల మీద పెట్టి, నా వీడియోలు ఎంత పొడుగుంటాయని అడిగాడు. మా దగ్గర పెళ్లి వీడియో అంటే ఎదుర్కోళ్ల నుంచి అప్పగింతల దాకా అంతా ఉండాల్సిందేనని చెప్పాను. కట్నం చదివించిన ప్రతి మనిషీ స్టేజీ మీద కనబడాలి, ఒక్క పెదనాన్న ముఖం తప్పిపోయినా ఫోన్లొస్తాయి. అట్లయితే పెద్ద ప్రాసెసరే కావాలని దోస్తు తేల్చేశాడు. నేను చెప్పలేదా అన్నట్టు తమ్ముడు తలూపాడు.

అప్పుడు వాళ్లకు అసలు సంగతి చెప్పాను. ఆ వీడియో కావాలని ఎవరైనా తొందరపెడతారా? ఆల్బంలో ఏ ఫోటోలు ఉండాలో ఆడపిల్లవాళ్లూ మగపిల్లవాళ్లూ తేల్చుకునేసరికే నెలలు గడిచిపోతాయి. రేగొండ జంట ఒకటి పాకే బిడ్డను చంకలో పెట్టుకుని స్టూడియోకు వచ్చింది పెళ్లి వీడియో కోసం. అట్లాంటి వాళ్లకు నా కంప్యూటర్ గంటలో పని ముగిస్తే ఏంటి, తెల్లారేదాకా నడిస్తే ఏంటి? మన పెళ్లి వీడియో మనమే ఇంకా తెచ్చుకోలేదు కదా అని మా ఆయన మధ్యలో గుర్తు చేశాడు. దోస్తు పగలబడి నవ్వాడు.

తమ్ముడు నవ్వలేదు. “గట్ల కాదక్కా. పని ముందు. ఆట ఎప్పుడైనా ఆడుకోవచ్చు.”

“పని నేను చూస్కుంట తమ్మీ. నువ్వు నాతోని మాట్లాడేది గా ఒక్క జాగలనే. దాన్ని నేను బంద్ కానియ్య.”

కోపంగా అందామనుకున్నాను గానీ అది బతిమాలినట్టు వచ్చింది. వాడు తల వంచుకున్నాడు. చెయ్యి చాపి, పెద్ద ప్రాసెసర్ డబ్బాను ఇక వద్దన్నట్టు దోస్తు వైపు వెనక్కి జరిపాడు.

ఆరు కోర్ల చిన్న ప్రాసెసర్, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు, మెమరీ కాస్త ఎక్కువ తీసుకున్నాం. వీటన్నిటినీ బిగించే మదర్‌బోర్డు మాత్రం రేపు పెద్ద ప్రాసెసర్ వేసుకున్నా సరిపోయేది ఉండాలని తమ్ముడు పట్టుబట్టాడు. కేబినెట్‌లో రంగు లైట్లు ఉండాల్సిందేనని మా ఆయన పట్టుబట్టాడు. కార్డును బోర్డులో తమ్ముడే తన చేత్తో బిగించాడు. తిరుగు రైలులో మా ఆయన ఆ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు సాయంత్రం ఆట తెరుచుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఎప్పటిలాగే ఇద్దరం ఒక గోడ చాటున నక్కాం. వాడు తుపాకీలో తూటాలు నింపుకున్నాడు. తర్వాత అడిగాడు.

“అక్కా, అమ్మ దవాఖానల ఉన్నప్పుడు నేను షిఫ్టుకు పోయిన గదా. ఆఖరికి నన్ను అడిగిందా?”

ఇన్నాళ్లూ వాడి నోరు నొక్కింది ఈ ప్రశ్న అని నాకు తెలియదు.

“అడిగింది తమ్మీ. వాన పడుతుందా, పిలగాడు ఎట్ల వస్తడో అని అడిగింది.”

అవతల వాడు ఏడవడం వినబడింది. అప్పుడే ఎవరో వచ్చి మా ఇద్దరినీ కాల్చేశారు. తెర మీద అక్కాతమ్ముళ్లం చచ్చి పడి ఉన్నాం. వాడు అమ్మ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు.