డ్రైవర్ మార్చిన పూట

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల రక్తదాతల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండే వెబ్‌సైట్‌ను నేనే చూసుకుంటాను. సైట్‌కూ డేటాబేస్‌కూ మధ్య సమాచారం చేరవేసే ప్రోగ్రామ్‌ను డ్రైవర్ అంటాం. ఈ రోజు మధ్యాహ్నం పాత డ్రైవర్ తీసేసి కొత్తది పెట్టాను. పనిచేస్తోందో లేదో చూద్దామని, పరీక్షల కోసం ఉంచుకున్న కాపీలో పేర్లన్నీ తుడిచేయమన్నాను. తుడిచేసినట్టు జవాబు వచ్చాక చూసుకుంటే, అది కాపీ కాదు, అసలు డేటాబేస్!

చివరిసారి బ్యాకప్ ఎప్పుడు తీశానో కూడా గుర్తు రాలేదు. అప్పుడే ఫోన్ మోగింది.

"అమ్మా, రేపల్లె నుంచి మస్తాన్‌ని మాట్లాడుతున్నానండి. మా అమ్మాయిని కాన్పుకి బాపట్ల తీసుకొచ్చాం. ఓ నెగెటివ్ రక్తం కావాలంటున్నారు. మీ దగ్గర ఎవరైనా ఉన్నారామ్మా?"

"ఒక్క నిమిషం బాబాయ్ గారూ" అన్నాను. సైట్ తెరిచాను.

పేర్లన్నీ అలాగే ఉన్నాయి.

పాతదానిలా కాకుండా, ఈ కొత్త డ్రైవర్ ఖాయం చేయమని విడిగా చెబితే తప్ప ఏ మార్పూ ఉంచదట. నేను చెప్పలేదు కాబట్టి ఏదీ పోలేదు. జాబితాలో ఓ నెగెటివ్ అని ఉన్న, సంగం జాగర్లమూడి ఊరి మాస్టారొకరికి ఫోన్ చేస్తే, "ఇప్పుడే బయల్దేరుతున్నానమ్మా" అన్నారు. తల్లీబిడ్డా క్షేమమని సాయంత్రం మస్తాన్ గారు ఫోన్ చేసి చెప్పారు.

నా మాట వెంటనే వినని ప్రోగ్రామ్‌కు ఈ రోజే మొదటిసారి దణ్ణం పెట్టాను. మీకూ ఇలాంటి పూట ఎదురై ఉంటే చెప్పండి. ఇలా నా ఒక్కదానికే జరిగిందనుకుంటే నిద్ర పట్టేలా లేదు.