మడతపడని మూలలు

నిన్న మనవరాలు ఒక పాత నవల ముద్రణలు రెండు ఫోనులో చూపించి, "తాతయ్యా, ఇది గట్టి అట్ట, ఇది చవక రకం. ఏది కొనను?" అని అడిగింది. జవాబు చెప్పకుండా బల్ల సొరుగులోంచి ఒక చవక ప్రతి తీశాను. తెరవగానే మడిచి ఉన్న మూల ఒకటి విరిగి అరచేతిలో పడింది. అది మా అక్క మడిచిన మూల.

అక్కా బావా ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో ఉండేవారు, నేనూ వాళ్లతోనే. బావ వర్క్‌షాపులో ఫిట్టరు. ఊరికి వెళ్లొచ్చినప్పుడల్లా విశాఖ స్టేషన్లో చవక నవలలు కొని తెచ్చేవాడు. నాసిరకం కాగితం, చీమల బారుల్లాంటి అక్షరాలు. తెచ్చీ తేగానే బ్లేడుతో పుస్తకం వీపు కోసి ముక్కలు చేసేవాడు. మొదటిసారి చూసి నేను మండిపడ్డాను.

"బామ్మర్దీ, బైండు పుస్తకాన్ని ఇలా కోయగలమేటి? ఇదైతే ఒక్కటి కొంటే మన కోటర్ల లైనంతా సదువుతాది," అని నవ్వాడు.

ఒక ముక్క చదివినవాడు షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర దాన్ని తర్వాతివాడికి అందించేవాడు. కొన్నవాడి ఇంట్లోవాళ్లు అందరికన్నా ఆఖరున చదవాలి. అది వాళ్లు పెట్టుకున్న మర్యాద. అక్క ప్రతి ముక్కలోనూ ఆగినచోటల్లా మూల మడిచేది. "పుస్తకమా, తమలపాకా?" అని బావ వేళాకోళం చేసేవాడు.

ఒక ఏడు అక్క గుండె జబ్బుతో మంచం పట్టింది. అమ్మవారికి మొక్కుకోమని ఇరుగుపొరుగు పోరితే, "నాకు మొక్కులొద్దు, ఆకరి ముక్క కావాల," అంది. అప్పుడు చదువుతున్న నవల ఆఖరి ముక్క బావ స్నేహితుడి టిఫిను సంచిలో ఉండిపోయింది. ఎక్కడో గూడ్సు పట్టాలు తప్పితే అతన్ని క్రేను బండిలో హఠాత్తుగా పంపేశారు.

"ఏటండీ, కతలో ఆ పిల్ల బతికిందా, లేదా?"

"నేనూ సదవలేదే. వచ్చేస్తాడులే."

విశాఖ వెళ్లే గార్డుతో చెప్పి పంపితే అక్కడ ప్రతులు అయిపోయాయన్నారు. ఖరగ్‌పూర్‌లో మా తెలుగువాళ్ల పఠనమందిరం అద్దాల బీరువాలో మాత్రం అదే నవల బంగారు అక్షరాల అట్టతో మెరుస్తోంది. వెళ్లి అడిగాను. కార్యదర్శి తల అడ్డంగా ఊపాడు. "బైండు పుస్తకం బయటికివ్వం బాబూ. పాడైపోదా?" ఎంత వాదించినా తాళం కదల్లేదు. పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాడికీ, దేవుణ్ణి గుడిలో పెట్టి మనిషిని గడప బయట నిలబెట్టేవాడికీ తేడా నాకు అప్పుడూ కనిపించలేదు, ఇప్పుడూ కనిపించదు.

అక్క పోయిన మర్నాడు స్నేహితుడు వచ్చాడు. గుమ్మంలో పోగుపడ్డ చెప్పులు చూసి విషయం తెలుసుకుని, సంచి గుండెకి హత్తుకుని అక్కడే కూలబడ్డాడు. "సెల్లికి నేనే ఇద్దామని పరుగెత్తుకొచ్చినాను, దాదా," అన్నాడు. దినం అయ్యాక బావ దబ్బనంతో ముక్కలన్నీ వరసగా కలిపి కుట్టాడు. ఆ తర్వాత కూడా చవక పుస్తకాలే కొన్నాడు, అలాగే కోశాడు.

చవకదే కొనుక్కోమని మనవరాలికి చెప్పాను. బావ కుట్టిన ఆ ప్రతిని చివరిదాకా తిప్పాను. అక్క మడిచిన మూలలు ఒక్కొక్కటే పొడిపొడిగా రాలుతున్నాయి. ఆమె చేతికి అందని ఆ ఆఖరి ముక్కలో మాత్రం, ఇన్నేళ్ల తర్వాత కూడా, కాలం ఒక్క మూలనైనా విరవలేకపోయింది.