డు కాదు, రు

మొన్న మా ఊరి గ్రంథాలయం వాళ్లు పిలిచి నాకు శాలువా కప్పారు. ఎనభై దాటిన పంతులమ్మకు శాలువా కప్పడం తప్ప ఇంకేం చేయాలో ఎవరికీ తోచదు కాబట్టి నేనూ కాదనలేదు. మర్నాడు పొద్దున పేపరు జిల్లా పేజీలో నా ముచ్చట నాలుగు వాక్యాలు పడింది. విశ్రాంత ఉపాధ్యాయురాలు అన్నారు, తెలిపారు, గుర్తు చేసుకున్నారు, సంతోషం వ్యక్తం చేశారు. నిజానికి నేను అంత మాట్లాడనే లేదు, మైకు సరిగా లేక సగంలోనే కూర్చున్నాను. కళ్లజోడు సర్దుకొని నా ‘రు’లు నేనే చదువుకొని మురుస్తుంటే, సరిగ్గా నా ఫొటో కింద చిన్న అక్షరాల్లో ఇంకో వార్త కనబడింది. గోడ కూలి కూలీ మృతి. పైన ‘మృతి’ అని పెట్టి తప్పించుకున్నారు గానీ, లోపల తప్పలేదు, ‘అక్కడికక్కడే మరణించాడు’ అని రాశారు. శాలువా కప్పించుకున్న నాకేమో ‘రు’, గోడ కట్టబోయి దాని కిందనే పడ్డ మనిషికేమో ‘డు’. చాయ చల్లారిపోయింది. మా పెద్దబాపు గుర్తొచ్చాడు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. మాది సాలోళ్ల ఇల్లు. ఆయన చిన్నప్పుడే మగ్గం గుంటలోంచి లేచి పట్నం పోయి, ఉర్దూ పత్రికల్లో ప్రూఫులు దిద్దుకుంటూ బతికి, నిజాం రాజ్యం పోయి, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ఏర్పడినంక కరీంనగర్ తిరిగొచ్చి ఒక తెలుగు పత్రికకు విలేకరి అయ్యాడు. పొడగరి, గొంతు పెద్దది, కోపం ముక్కు మీదే ఉండేది. కోపమొస్తే ఉర్దూలో తిట్టేవాడు. ఆ భాషలో తిట్టు కూడా మర్యాదగానే వినిపిస్తుంది కాబట్టి ఎవరూ నొచ్చుకునేవాళ్లు కాదు. ఆయన బాధల్లా ఒక్కటే. జిల్లా వార్తలన్నీ కచ్చేరీ చుట్టూ తిరుగుతున్నాయి, రాసేవాళ్లంతా వకీళ్లు, దుకాణదారులు, పటేళ్ల పిల్లలు. “సాలోళ్ల గోస సాలోడు రాయకుంటే ఎవలు రాస్తరు? పల్లెల గొడవ పట్నపోనికి ఏమెరుక?” అనేవాడు. అని ఊరుకోక, నెలకు రెండు ఆదివారాలు మా ఇంట్లో విలేకర్ల బడి పెట్టాడు. ఒకప్పుడు మగ్గాలుండే సాయబానులో, అంటే ముందరి వసారాలో, చాపలు పరిచి, గోడకు నల్లబల్ల ఆనించి కూర్చునేవాడు.

ఆ బడికి నిర్మల్ నుంచి బొమ్మలు చేసే ఇంటి పిలగాడొకడు వచ్చేవాడు. గోదావరి అవతల లక్సెట్టిపేట దిక్కు మిషన్ బడిలో పనిచేసే పంతులు వచ్చేవారు. మా అక్క మొగుడు, సుల్తానాబాద్‌లో మగ్గం నేసుకునే బావ, అత్తగారింటికి వచ్చినట్టు కొత్త ధోవతి కట్టుకొని వచ్చేవాడు. ఆడవాళ్లలో నేనొక్కదాన్నే. నాకప్పుడే ఆడపిల్లల బడిలో నౌకరీ దొరికింది. పెండ్లి కావలసిన పిల్ల మగవాళ్ల మధ్య కూర్చోవడం ఏందని మా అవ్వ, అంటే కన్నతల్లి, గొణిగితే, బావ ఉన్నాడు కదా అని పెద్దమ్మ నచ్చజెప్పింది. పాపం, నన్ను చూసి సిగ్గుపడి తలకాయ ఎత్తనిది ఆ బావే.

పెద్దబాపు చెప్పిన మొదటి పాఠం ‘అట’ మీద. మనం నోరు తెరిస్తే అట. వానలు పడతాయట, వాళ్లింట్లో లొల్లి అయిందట, తహశీల్దారు బదిలీ అయిండట. వార్తలో అట ఉండకూడదు, చూసినవాడిని పట్టుకొని అడగాలి, దొరకకపోతే రాయకూడదు. రాసిందే చదవాలి, ఉన్నదే చెప్పాలి. క్లాసులో ఎవరి నోటి నుంచి అట వచ్చినా బావిలోంచి బిందెడు నీళ్లు చేది పెద్దమ్మకు ఇవ్వాలని జుర్మానా పెట్టాడు. మొదటి రెండు మూడు వారాలు పెద్దమ్మకు స్నానాలకూ బట్టలకూ కూడా నీళ్లు సరిపోయాయి. మేం జర తెలివి తెచ్చుకున్నాక ఆమెకు దిగులు పట్టుకుంది. సర్వపిండి గిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడి, “ఏంది, ఇయాల ఊర్లె ఏం ముచ్చట్లు లేవా?” అని మా చేత అట అనిపించాలని చూసేది. ఒకరోజు పెద్దబాపే అన్నాడు. ఆ రోజు నీళ్లు ఆయనే చేదాడు, ఉర్దూలో గొణుక్కుంటూ.

రెండో పాఠం ఆయన అనుకొని చెప్పింది కాదు, బావ వల్ల వచ్చిపడింది. మా దిక్కు మాటల్లో బాపు వచ్చిండు, దేవుడు వచ్చిండు, కలెక్టరూ వచ్చిండు. అందులో తక్కువ చేయడమేమీ లేదు. మా బావ ఆ అలవాటునే పుస్తకాల తెలుగులోకి మార్చి తన మొదటి వార్త పంపాడు. ‘చేనేత సంఘం చూడడానికి కలెక్టరు వచ్చాడు. మగ్గాలు చూశాడు. నీళ్లు తాగాడు. వెళ్లాడు.’ పట్నంలో పత్రికాఫీసు నుంచి తిరుగు టపాలో కార్డు వచ్చింది. కలెక్టరు గారిని ‘వచ్చాడు’ అని రాయుట అవమానకరమనీ, ఇకముందు జాగ్రత్త వహించగలరనీ. బావ ముఖం చిన్నబోయింది. మేమంతా నవ్వాం. పెద్దబాపు మాత్రం ఆ కార్డును తిప్పి తిప్పి చదివి జేబులో పెట్టుకున్నాడు. “అంటే ‘డు’ అనుడు అవమానమని వీళ్లకు ఎరుకే అన్నట్టు” అన్నాడు. ఆ రోజు నుంచి మా బడిలో కొత్త కాయిదా వచ్చింది. ఒకరికి ‘రు’ పెడితే అందరికీ పెట్టాలి. నిర్మల్ పిలగాడు ఊరుకోక, “దొంగక్కూడా పెట్టాల్నా సార్?” అని అడిగాడు. “దొంగ అని కోర్టు చెప్పిందా, నువ్వు చెప్తున్నవా? అరే బేవకూఫ్, కూసో” అన్నాడు పెద్దబాపు. ఆయన మర్యాద పాఠాలన్నీ ఇట్లాంటి మర్యాదతోనే సాగేవి.

ఒక ఆదివారం మిషన్ పంతులు ఇంకో పత్రిక ముక్క పట్టుకొచ్చారు. వాళ్ల దిక్కు ఒక వాగు మీద వంతెన కడుతున్నారు. పునాది తవ్వుతుంటే మట్టి పెళ్ల విరిగిపడి వాళ్ల మెథడిస్టు సంఘంలో మనిషి ఒకరు చనిపోయారు. పత్రికలో వచ్చింది ఒకటే వాక్యం, ‘కూలీ ఒకడు మరణించాడు.’ పేరు లేదు, ఊరు లేదు. తాను రాస్తే సొంత సంఘం మనిషని పక్షపాతం అంటారని పంతులు వెనకాడారు. “అల్లుడా, నువ్వు పో. ఆడమనిషితోటి మాట్లాడాలె, మరదలిని తోలుకపో” అని పెద్దబాపు మా ఇద్దరినీ పంపాడు.

పంతులు వెంట మేం పోయేసరికి, చనిపోయినాయన భార్య వాకిట్లో మోదుగాకులతో విస్తర్లు కుడుతున్నారు. చిన్న వయసే, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటారేమో. పత్రికవాళ్లమని పంతులు చెప్పగానే పుల్ల గుచ్చడం ఆపకుండానే మాట్లాడారు.

“హోటల్ల చదువుతుంటే ఇన్న. కూలీ ఒకడు అన్నరట. ఒకడు అంటే ఎవడు తమ్మీ? పొద్దుగాల జొన్న గటక తాగి ఈ గడపల నుంచే పోయిండు. గాయినకు పేరు లేదా?”

బావ, ఆ పేరు రాయడానికే వచ్చామన్నాడు.

“పేరొక్కటేనా? పెద్దోళ్లు పోతే ఎట్ల రాస్తరు మీరు? గారు అంటరు, పోయిన్రు అంటరు. గట్ల రాస్తరా? రాస్తే చెప్త. లేకుంటే మీరొచ్చిన తొవ్వ గదే.”

తన నోటితో ఆమె ‘పోయిండు’ అన్నప్పుడు అందులో ఎంత మమత ఉందో నాకు వినబడింది. అదే మాట పేపరు అంటే ఎందుకంత నొప్పి పుట్టిందో కూడా అర్థమైంది. విలేకరి ఎవరికీ మాట ఇవ్వకూడదని మాకు చెప్పిన పాఠం బావ మరిచిపోయాడు. “రాస్త అక్కా, గట్లనే రాస్త” అన్నాడు. అప్పుడు ఆమె ఆకులు పక్కన పెట్టి చెప్పారు. ఈ ముచ్చటలో నేను ఎవరి పేరూ చెప్పడం లేదు, కానీ ఆయన పేరు చెప్పకుండా ఉండలేను. ఇస్సాకు గారు. తవ్విన గుంట అంచు నెర్రెలిచ్చిందని ఆయన పొద్దున్నే మేస్త్రీకి చూపించారట. ఆ అట రాయకుండా, పక్కన పనిచేసిన వాళ్లను వెతికి పట్టుకొని, అడిగి, బావ వార్త రాశాడు. ‘ఇస్సాకు గారు మరణించారు’ అని మొదలుపెట్టాడు. పెద్దబాపు ఒక్క అక్షరం దిద్దకుండా బస్సులో పట్నం పంపే వార్తల కవరులో వేశాడు. మా బడిలో అట్లా దిద్దకుండా పోయిన వార్త అదొక్కటే.

వార్త పడింది. ఆ ఆదివారం ఆరాధన అయినంక చర్చి ముందు చదివి వినిపించాలని సంఘంవాళ్లు అడిగితే పెద్దబాపు, బావ, నేను పేపరు పట్టుకొని పోయాం. జనం చుట్టూ కూర్చున్నారు. ఆమె ముందర కూర్చున్నారు. బావ లేచి గొంతు సవరించుకొని చదివాడు. ఇస్సాకు గారు మరణించారు, పెళ్ల విరుగుతుందని ముందే హెచ్చరించారు, ఆయనకు భార్య, ఇద్దరు బిడ్డలు ఉన్నారు. పక్కనున్న నాకు కాగితం కనబడుతూనే ఉంది. అందులో ‘గారు’ లేదు. ‘మరణించాడు’ అని ఉంది. ‘హెచ్చరించాడు’ అని ఉంది. పట్నంలో ఎవరో మొత్తం దిద్దేశారు. బావ నోరు మాత్రం ఎక్కడా తడబడలేదు. నేను పెద్దబాపు వైపు చూశాను. ఆయన తల వంచుకొని ఉన్నాడు.

చదవడం అయ్యాక ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని చెయ్యి చాపారు. “ఇటియ్యి తమ్మీ, బైబిల్ల పెట్టుకుంట. బడికి పోతుంది మా పెద్దబిడ్డ, అక్షరాలు నేర్సింది. ఇంక రోజూ సదివిచ్చుకుంట.”

బావ ఇవ్వలేకపోయాడు. పెద్దబాపు లేచాడు. ఎప్పుడూ సాయబాను అదిరేట్టు మాట్లాడే మనిషి, ఆ రోజు పక్కవాళ్లకు కూడా వినబడనంత మెల్లగా అన్నాడు. “చెల్లె, ఈ పిలగాడు చదివింది కాగితంల లేదు. మేం గట్లనే రాసి పంపినం. వాళ్లు మార్చిన్రు.”

ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

“మరి ఆ తమ్ముడు ఎట్ల సదివిండో గట్ల అచ్చేయించుకరా సారూ. అప్పటిదాంక ఆ కాగితం నీ తాన్నే ఉంచుకో.”

పెద్దబాపు ఇంటికి కూడా రాకుండా అటునుంచి అటే పట్నం పోయాడు. పత్రికాఫీసులో జరిగిందంతా తర్వాత ఆయన చెప్పగా విన్నదే. డెస్కులో ఉన్న పెద్దమనిషి ముందు నవ్వారట. కూలీలకు గారు పెడుతూ పోతే రేపు ప్రతివాళ్లూ అడుగుతారన్నారట. “అడగనీయుండ్రి. అడగాల్సిందే గద” అని ఈయన అన్నాడట. తప్పు అంకె పడితే సవరణ వేస్తాం గానీ ‘డు’కు సవరణ ఎక్కడైనా ఉందా అని వాళ్లడిగితే, అప్పుడు ఎప్పుడూ జేబులోనే పెట్టుకొని తిరిగే ఆ పాత కార్డు తీసి బల్ల మీద పెట్టాడట. కలెక్టరును ‘డు’ అంటే అవమానమని మీరే రాసిండ్రు, అవమానమైనప్పుడు ఎవరికైనా అవమానమే కదా అన్నాడట. వాళ్లు సవరణ వేస్తామనేదాకా వసారాలో బెంచీ మీద కూర్చొనే ఉన్నాడట. ఇన్ని అటలు వాడినందుకు ఆయనే ఉంటే నా చేత ఎన్ని బిందెలు చేదించేవాడో.

సవరణ పడింది, లోపలి పేజీలో, సినిమా ప్రకటన కింద. లక్సెట్టిపేట వార్తలో ‘ఇస్సాకు మరణించాడు’ అని ఉన్నదానిని ‘ఇస్సాకు గారు మరణించారు’ అని చదువుకోగలరు. అంతే. కరీంనగర్ హోటళ్లలో కొన్నాళ్లు అదే నవ్వులాట. పెద్దబాపు బజారుకు పోతే “చాయ తాగిన్రా గారూ?” అని వెనక నుంచి కేకలు. ఆయన తిరిగి ఉర్దూలో జవాబు చెప్పేవాడు.

ఆ పేపరు తీసుకొని మేం మళ్లీ పోయాం. ఈసారి చదవడానికి బావ ముందుకు రాలేదు. ఆమె పెద్దబిడ్డ వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఇ, స్సా, కు. గా, రు. మ, ర, ణిం, చా. అక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంది. మా అందరి ఊపిరీ అక్కడే ఆగింది.

“రు” అన్నది పిల్ల.

“రు అనే ఉన్నదా బిడ్డా?”

“రు అనే ఉన్నదవ్వా.”

ఆమె ఆ కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. ఏడవలేదు. మమ్మల్ని కూర్చోమని అందరికీ గటక పోశారు. పెద్దబాపు గిన్నె ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకొని తాగుతూనే ఉన్నాడు. గటక ఎప్పుడో అయిపోయిందని నాకు తెలుసు.

కొన్ని నెలలకే ఆయన విలేకరి పని పోయింది. కారణం ఏం చెప్పారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విలేకర్ల బడి కూడా దాంతోనే ఆగింది, చాపలు చుట్టి అటక మీద పెట్టారు. మిషన్ పంతులు చాలా ఏళ్లు రాశారు. బావ మగ్గానికే తిరిగిపోయాడు గానీ, సాయంత్రం నేతగాళ్లందరికీ పేపరు పైకి చదివే పని మాత్రం చివరిదాకా వదల్లేదు. ఎక్కడ ‘డు’ ఉన్నా ‘రు’ అనే చదివేవాడు. ఉన్నదే చదవాలన్న పెద్దబాపు ఆ చదువు వింటూ కూర్చునేవాడు, ఒక్కసారి కూడా ఆపలేదు.

ఇవాళ మళ్లీ ఆ పేజీ తీసి చూసుకున్నాను. నాకు ‘రు’ రావడానికి నేనేమీ కష్టపడలేదు. ఊరికే రోజులు గడిచాయి, జుట్టు నెరిసింది, శాలువా వచ్చింది. ఇస్సాకు గారికి దాన్ని తేవడానికి ఒక మనిషి పట్నం పోయి బెంచీ మీద కూర్చోవలసి వచ్చింది. కాలం అన్నీ మారుస్తుందంటారు గానీ, అరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఆ ఒక్క అక్షరం మార్చడం దానంతట దానికి చేతకాలేదు.