ఆఖరి తలుపు

పళ్ల సెట్లు తయారుచేసే ఆ గదిలో ఆవిడకు కోపం వస్తే ముందు తెలిసేది చేతిలోని మైనం కత్తికే. కత్తి మొన బల్లను టకటకా పొడుస్తుంది. కట్టుడు పన్ను ఒక్కొక్కటీ వేలి కొసతో తడిమి చూడనిదే డబ్బాలో పెట్టదు. ఇంట్లో వీడియో గేమ్ కూడా అలాగే ఆడుతుంది. గుహలో ప్రతి సందూ తిరిగి, ప్రతి గోడా తట్టి, అప్పుడుగాని రాక్షసుల జోలికి వెళ్లదు. టీ వేళ ఆ విశేషాలు చెబుతుంటే, తన ఆటల్లో కనిపించినవాణ్ణల్లా నరుక్కుంటూ పోయే, పక్క బల్ల మీద ప్లాస్టర్ అచ్చులు పోసే అతను "మీది ఆట కాదు మేడమ్, భూముల సర్వే" అంటాడు. అంటూనే టీ చల్లారిపోయేదాకా వింటాడు. ఆఖరి తలుపు వెనక కొండరాక్షసుడున్నాడు. ఇంకా రెండు గుహలు చూడాలని నెల రోజులుగా ఆవిడే దాన్ని తెరవలేదు.

నిన్న ఇంటికి వెళ్లేసరికి మరిది సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. "మీరక్కడే ఇరుక్కుపోయారుగా వదినా, ఆ కొండరాక్షసుణ్ణి నేను లేపేశాను. పది నిమిషాల పని" అన్నాడు. ఆవిడ దాచుకున్న ఆట మీదే సేవ్ కొట్టాడు, ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. "థాంక్స్ చెప్పవే, పాపం కష్టపడ్డాడు" అన్నాడు మొగుడు, ఫోన్లోంచి తలెత్తకుండా. ఇవాళ టీ దగ్గర అచ్చులతను ఆత్రంగా కుర్చీ జరుపుకున్నాడు. "తలుపు తీశారా మేడమ్? రాక్షసుడు కాక ఇంకేముంది లోపల?" మైనం కత్తి బల్లను ఒక్కసారే పొడిచి, అక్కడే దిగబడి నిలబడింది. "మా మరిది నంబరిస్తాను" అంది ఆవిడ. "లోపలికి వెళ్లింది వాడు. వాణ్ణే అడగండి."